బెర్నార్డు లియో పండితుడు

ప్రతిదినము మన నెత్తిమీద నుండియు మనలో పెక్కుమంది జీవితకాలమున ఒక్కమారైనను చూడని వస్తువొకటి ఆకాశమున కలదు. సూర్యబింబము చుట్టును లక్షలాది క్రోసుల మేర వ్యాపించిన ముత్యపు వన్నె కాంతిమండలమే అది. దానిని పాశ్చాత్యులు కరోనా యందురు, మనము సూర్యకిరీటమందుము. సంపూర్ణ సూర్యగ్రహణమున చంద్రుడు బింబమును పూర్తిగా కప్పియుంచు కొలది నిమిషములు మాత్రమే అది మానవనేత్రమునకు దర్శనమిచ్చును. ఎంతటి గ్రహణమందైనను ఆ దర్శనకాలము ఏడున్నర నిమిషములకు మించదు. గ్రహణముతో నిమిత్తము లేకయే, పట్టపగలు, ఆ కిరీటమును యంత్రమున పట్టి లోకమునకు చూపిన మహనీయుడు ఫ్రెంచి దేశస్థుడగు బెర్నార్డు లియో. ఆయన చరిత్రమును నేడు మా పాఠకులకు విన్నవింప తలచితిమి. ఆ చరిత్రమునకు మన ఆంధ్రదేశముతో రెండు తావుల సంబంధమున్నది. మొదటిది ఆయన పుట్టుకకు ముందు గుంటూరున ఏర్పడినది. రెండవది ఆయన గతించిన డెబ్బదియేండ్లకు శ్రీహరికోటలో ఏర్పడినది.

1868వ సంవత్సరము ఆగష్టు 18వ తేదీన ఒక మహాగ్రహణపు నీడ మన కృష్ణా గుంటూరు సీమల మీదుగా సాగిపోయెను. దానిని పరిశీలించుటకై మదరాసు వేధశాలాధికారియగు పాగ్సన్ మచిలీపట్టణమునను, ఫ్రెంచి పండితుడగు జాన్సెన్ గుంటూరునను విడిసిరి. గుంటూరున బింబము అయిదు నిమిషములకు పైగా మరుగుపడెను. జాన్సెన్ తన వర్ణపటదర్శినిలో చూడగా, సూర్యుని అంచున లేచు ఎర్రని జ్వాలల కాంతి కొన్ని ఉజ్జ్వలమైన గీతలుగా విడివడి కనబడెను. ఇంత వెలుగు గల గీతలు గ్రహణము విడిచిన పిమ్మట మాత్రము ఏల కనబడరాదని ఆయనకు తోచెను. మరునాటి ఉదయమున గుంటూరులోనే ప్రయత్నింపగా జ్వాలలు మరల దర్శనమిచ్చెను. ఆ సంవత్సరము అక్టోబరులో ఇంగ్లండున లాకియరు పండితుడు ఈ మార్గమునే తనంతట తాను కనుగొనెను. జాన్సెన్ స్వదేశమునకు మరలిన కొన్ని యేండ్లకు పారిసు సమీపమున మ్యూదాన్ అనుచోట వేధశాలను స్థాపించెను. గుంటూరు పొలములలో మొలకెత్తిన ఊహ ఆ విధముగా ఫ్రాన్సు దేశమున వేరూనినది. ఆ మ్యూదాన్ వేధశాలయే తరువాత లియో పండితునకు కర్మక్షేత్రమైనది.

జ్వాలలు చిక్కినవి గాని కిరీటము చిక్కలేదు. జ్వాలల కాంతి కొన్ని గీతలలోనే కూడుకొనియుండును గనుక వర్ణపటదర్శిని దానిని ఆకాశపు వెలుగునుండి వేరుచేయగలదు. కిరీటపు కాంతి యట్లు కాదు. అందు అధికభాగము ఇంద్రధనుస్సులోని రంగులన్నిట పరచుకొనియుండును. పైగా కిరీటము మిగుల ప్రకాశించు భాగమునందును దాని వెలుగు సూర్యబింబపు వెలుగులో పదిలక్షలవంతు మాత్రమే. విలియం హగ్గిన్సు 1880 తరువాతి సంవత్సరములలో ఫొటోగ్రాఫుల మూలమున దానిని పట్ట యత్నించెను. అమెరికా పండితుడు జార్జి హేలు 1893లో పైక్సు శిఖరమునకును, 1894లో ఎట్నా అగ్నిపర్వతమునకును యంత్రములను మోయించుకొని పోయెను. ఎవరికిని ఫలము దక్కలేదు. సూర్యుని చుట్టునుండు గాలిలోని తెల్లదనమే అడ్డమనియు, మానవుడు గాలిని తొలగింపలేడు గనుక గ్రహణముకొరకు కాచుకొనియుండుట దక్క వేరు గతి లేదనియు పండితులలో పెక్కుమంది నిశ్చయించుకొనిరి. ఈ నిశ్చయము ముప్పదియైదేండ్లకు పైగా చెక్కుచెదరకుండెను.

బెర్నార్డు లియో 1897వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన పారిసు నగరమున జన్మించెను. తండ్రి శస్త్రవైద్యుడు. కుమారునకు ఏడేండ్లు నిండిన కాలముననే ఆయన మరణించెను. బాలుడు విద్యుచ్ఛాస్త్రమును అభ్యసించి, ఆ విద్యకై పారిసున నెలకొన్న ఉన్నత పాఠశాలనుండి పట్టము పొందెను. పిదప సుప్రసిద్ధ భౌతికశాస్త్రజ్ఞుడగు ఆల్ఫ్రెడ్ పెరో కడ సహాయకుడుగా నుండి, 1920లో మ్యూదాన్ వేధశాలయందు ప్రవేశించెను. ఆయన బుద్ధియు చేతులును సమానముగా పనిచేయునవి. తన యంత్రములను తానే కల్పించుకొనుట, తానే బిగించుకొనుట, తానే సరిచూచుకొనుట ఆయనకు అలవాటు. పర్వతారోహణము ఆయన వినోదము. ఆ వినోదమే తరువాత ఆయన పనికి మిక్కిలి తోడ్పడెను.

లియో మొదట చేపట్టిన విషయము గ్రహముల కాంతి. ఏదేని వస్తువుపైబడి మరలివచ్చు కాంతిలో ధ్రువణమను ఒక గుణము కలుగును. దాని పాలును కొలిచినచో ఆ వస్తువు ఎట్టిదో కొంత ఊహింపవచ్చును. అంతకుముందున్న సాధనములకు అందని సూక్ష్మమైన ధ్రువణమును కొలువగల సాధనమును లియో నిర్మించెను. చంద్రుని నేల అగ్నిపర్వతములు వెదజల్లు బూడిద వంటి పొడితో కప్పబడియున్నట్లు ఆ సాధనమున ఆయనకు తోచెను. 1929లో ఈ పరిశోధనమును సిద్ధాంతవ్యాసముగా సమర్పించెను. అత్యల్పమైన కాంతిని కొలుచుటలో ఆరితేరిన ఆ చేయి పిమ్మట సూర్యకిరీటము వైపు మరలెను.

ఇచ్చట మేము పాఠకులను కొంచెము నిలువుమని వేడుచున్నాము. లియో చరిత్రమున సారమంతయు ఈ ఘట్టముననే యున్నది. వాన వెలసిన దినమున, ఎత్తయిన కొండమీద, ఒక గోడ మరుగున నిలిచి సూర్యుని కనుమరుగు చేసికొని ఆకాశమును చూచినచో, ఆ గోడ అంచుదాక గాఢమైన నీలిరంగే కానవచ్చును. కంటికి అంత నిర్మలమైన ఆకాశము దూరదర్శినిలో చూడగానే తెల్లబడిపోవుటేల? దోషము ఆకాశముననే యున్నచో కంటికి సైతము కనబడవలెను గదా. కావున ఆ తెల్లదనములో అధికభాగము గాలినుండి రాలేదనియు, దూరదర్శినియే దానిని తన కడుపున కల్పించుకొనుచున్నదనియు లియో గ్రహించెను. యంత్రములోనికి న్యాయముగా వచ్చిన కాంతి గాక, త్రోవ తప్పి లోపల తిరుగాడు ఈ కాంతిని మేము పరాయివెలుగని వ్యవహరింతుము.

ఈ పరాయివెలుగును లియో, ఇంట దూరిన దొంగలను పట్టినట్లు, ఒక్కొక్కదానినే పట్టెను. మొదటిది గాజులోని దోషము. కటకపు గాజులో కంటికానని బుడగలును, మెరుగుపెట్టునపుడు పడిన సన్నని గీతలును ఉండును. సూర్యకాంతి తాకగానే అవి యొక్కొక్కటియు ఒక చిన్న దీపమై వెలుగును. రెండవది ధూళి. ఇంటికప్పు సందునుండి చీకటిగదిలోనికి దిగిన యెండలో ఆడు రేణువులను చూడనివారుండరు. మన ప్రాచీనులు వానికి త్రసరేణువులని పేరిడి, పరిమాణములను గణించుటకు వానినే మొదటి మెట్టుగా గైకొనిరి. అట్టి రేణువులు కొన్ని కటకముపై నిలిచినను, గొట్టములో తేలియాడినను, వాని మెరపు ముందర కిరీటము మరుగుపడిపోవును. మూడవది కటకపు అంచు. అంచునొరసికొని పోవు కాంతి కొంచెము వంగి త్రోవ తప్పును. దీనిని శాస్త్రజ్ఞులు వివర్తనమందురు. గొట్టపు వెనుకభాగమునుండి తగిన విధమున చూచినచో కటకపు అంచు కొలిమిలో కాల్చిన కడియమువలె మెరయుచుండును. నాలుగవది, కటకపు రెండు ముఖముల నడుమ కాంతి అటునిటు ప్రతిఫలించి కల్పించు దొంగబింబము.

రోగములు తెలిసిన పిమ్మట లియో వానికి తగిన మందులను ఏర్పరచెను. సామాన్యమగు దూరదర్శినిలో రంగులు చెదరకుండుటకై రెండు గాజుల జంటకటకమును వాడుదురు. ముఖములు పెరిగినకొలది మురికియు మెరపును పెరుగును. కావున లియో ముందువైపున ఒంటిగాజు కటకమునే అమర్చి, రంగుల చెదరుపాటును వెనుకనున్న కటకములతో సరిదిద్దుకొనెను. ఆ ఒంటిగాజునకై బుడగలు లేని తునకను మిక్కిలి శ్రమపడి ఏరి, గీత పడకుండ అపారమైన ఓర్పుతో మెరుగుపెట్టించెను. కటకమునకు ముందు పొడవైన గొట్టము బిగించి, లోపలి గోడలకు చిక్కని నూనె పూసెను. గాలిలో తిరుగు ధూళి ఆ జిగటకు అంటుకొని నిలిచిపోవును. కటకము సూర్యబింబమును ఏర్పరచు తావున, బింబముకంటె ఇసుమంత పెద్దదగు లోహపు బిళ్ల నుంచెను. బింబపు కాంతియంతయు దానిమీద పడి ప్రక్కకు త్రోయబడును. చంద్రుడు ఆకాశమున చేయు పనిని ఈ బిళ్ల గొట్టములో చేయును.

 లియో మరియొక అడుగు వేసెను. బిళ్లకు వెనుక ఇంకొక కటకమును పెట్టగా, అది ముందటి కటకపు ప్రతిబింబమును ఒకచోట ఏర్పరచును. ఆ ప్రతిబింబమున ఇంతకుమునుపు చెప్పిన మెరయు కడియము స్పష్టముగా కానవచ్చును. ఆ కడియమును కప్పునంతటి రంధ్రము గల పలకనొకదానిని లియో అక్కడ నిలిపెను. దొంగబింబము పడు నడితావున మరియొక చిన్న తెరను అంటించెను. వచ్చిన త్రోవను బట్టి కాంతులు ఇక్కడ వేరుపడును: అంచున వంగిన కాంతి పలకకు తగిలి ఆగిపోవును, కిరీటపు కాంతి రంధ్రమునుండి సాగిపోయి చివరి కటకము చేత చిత్రమగును. నేటికిని లోకమందలి శాస్త్రజ్ఞులు ఆ పలకకు లియో పేరే పెట్టి పిలుచుచున్నారు. ఈ యంత్రమునకు కరోనాగ్రాఫని పేరు వచ్చెను.

1930 వేసవిలో లియో తన యంత్రమును పిరనీసు పర్వతములలో 2877 మీటర్ల యెత్తున నున్న పిక్ దు మిది వేధశాలకు చేర్చెను. ఆ దినములలో ఆ శిఖరమునకు తీగబండి లేదు. సామానులన్నియు కొండదారిని మోసికొని పోవలసినవే. అచ్చటి నిర్మలమైన ఆకాశమున, గ్రహణము లేని దినమున, కిరీటపు కాంతిలోని ధ్రువణమును, అందలి ఆకుపచ్చని గీతను ఆయన పరిశీలింపగలిగెను. 1931లో కిరీటమును ఫొటోగ్రాఫు తీసెను. ముప్పదియైదేండ్లు అసాధ్యమని వదలివేయబడిన కార్యము ఒక గాజుతునక, ఒక బిళ్ల, ఒక పలక, కొంత నూనె, అంతులేని ఓర్పు అనువానితో నెరవేరినది.

ఇది వట్టి వేడుకయని యెవరును తలపరాదు. ఆ ఆకుపచ్చని గీతను 1869 నాటి గ్రహణమున అమెరికా పండితులు మొదట చూచిరి. భూమిపై నెరిగిన ఏ మూలద్రవ్యమునకును అది సరిపడకపోవుటచే, సూర్యుని యందు క్రొత్త ద్రవ్యమొకటి కలదని భ్రమించి దానికి కరోనియమని నామకరణము చేసిరి. లియో తన యంత్రముతో కిరీటపు గీతల స్థానములను మునుపెన్నడు లేనంత నిశితముగా కొలిచెను. అవి చాల వెడల్పుగా నుండుటయు గమనించెను. ఇట్టి కొలతల ఆధారమున స్వీడను దేశపు ఎడ్లెన్ పండితుడు 1940 ప్రాంతమున ఆ చిక్కును విప్పెను. ఆకుపచ్చ గీత ఇనుముది. పదుమూడు ఎలక్ట్రానులను కోల్పోయిన ఇనుముది. ఇనుమునకు అట్టి దశ పట్టవలెనన్న పదిలక్షల డిగ్రీలకు తక్కువ కాని వేడి యుండవలెను. సూర్యుని ఉపరితలపు వేడి ఆరువేల డిగ్రీలకు లోబడినదే. పొయ్యికంటె పొగ వేడిగా నుండుట ఎట్లను ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు నేటికిని సంపూర్ణమైన సమాధానమును వెదకుచునే యున్నారు.

1933లో లియో ఒకే సన్నని రంగును మాత్రము విడిచి తక్కిన రంగులనెల్ల అడ్డగించు వడపోత సాధనమొకదానిని ఊహించెను. దానితో సూర్యజ్వాలల చలనచిత్రములను తీసి, గంటల తరబడి జరుగు లీలను నిమిషములలో తెరపై చూపెను. 1939లో ఫ్రెంచి విజ్ఞానపరిషత్తు ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. ఆ సంవత్సరముననే ఇంగ్లండునందలి రాజకీయ జ్యోతిషసంఘము స్వర్ణపతకమునిచ్చెను. 1947లో అమెరికావారి బ్రూసు పతకము లభించెను. స్విట్జర్లాండున అరోసాలోను, అమెరికాలో క్లైమాక్సులోను ఆయన మాదిరి యంత్రములు వెలసెను.

ఇంతటి కీర్తి వచ్చినను లియో తన యంత్రమునకు గల హద్దును మరచినవాడు కాడు. కరోనాగ్రాఫు కిరీటపు లోపలి భాగమునే చూపును. దూరమునకు వ్యాపించిన మసకవెలుగును చూపుటకు నాటికి గ్రహణమే దిక్కు. అందుచేత 1952 ఫిబ్రవరి 25వ తేదీ గ్రహణమును పరిశీలించుటకై ఆయన సూడాను దేశమందలి ఖార్టూముకు వెళ్లెను. మరలివచ్చుచు, ఏప్రిలు 2వ తేదీన, కైరో సమీపమున రైలుబండిలో గుండె ఆగి మరణించెను. నాటికి ఆయనకు ఏబదియైదేండ్లు. కిరీటమును గ్రహణపు చెరనుండి విడిపించిన మహానుభావుడు ఒక గ్రహణయాత్రలోనే కన్నుమూయుట విధి విలాసము. పిక్ దు మిదిలోని రెండు మీటర్ల దూరదర్శినియు, చంద్రునిపై నొకటియు కుజునిపై నొకటియు గల గుంటలును ఆయన పేర వెలయుచున్నవి.

ఆయన మరణించిన అయిదేండ్లకు, 1957లో, మానవుడు నిర్మించిన ఉపగ్రహము అంతరిక్షమున అడుగిడెను. అచ్చట గాలి లేదు. నింద మోపుటకు ఆకాశపు తెల్లదనమును లేదు. ఇక మిగిలిన శత్రువు యంత్రములోని పరాయివెలుగు ఒక్కటియే. కావున లియో పాఠము భూమిమీదకంటె అచ్చటనే ఎక్కువ అక్కరకు వచ్చినది. గొట్టముల లోపల నల్లని పూత పూయుట, కత్తివాదర వంటి అంచులు గల పలకలను వరుసగా నిలిపి త్రోవ తప్పిన కాంతిని నడుమనే మింగించుట, ధూళి సోకని గదులలో యంత్రములను బిగించుట మొదలగునవి నేడు వ్యోమయంత్ర నిర్మాణమున నిత్యవిధులైనవి. కొన్ని యంత్రములలో బిళ్లను గొట్టమునకు వెలుపలనే నిలిపి, సూర్యకాంతి కటకమును తాకకుండ చేయుదురు. దానివలన పరాయివెలుగు మిగుల తగ్గును గాని, కిరీటమున సూర్యునికి అతి సమీపమున నుండు భాగము మరుగుపడును.

1971లో అమెరికావారి ఉపగ్రహమొకటి ఇట్టి యంత్రముతో సూర్యుని నుండి పెల్లుబికి పోవు మహాద్రవ్యరాశిని చూచెను. అట్టి వెల్లువ భూమి వైపు వచ్చినచో కలుగు నష్టమును 1989 మార్చి 13వ తేదీన కెనడాలోని క్యూబెక్ రాష్ట్రము అనుభవించెను. తొమ్మిది గంటలు అచ్చటి జనులు విద్యుత్తు లేక చీకటిలో నుండిరి. 1995 డిసెంబరు 2వ తేదీన పంపబడిన సోహో నౌకలోని కరోనాగ్రాఫులు అట్టి వెల్లువలను ముందుగా కనిపెట్టుటకు తోడ్పడినవి. పొలమునకు నీరు తోడు విద్యుద్యంత్రముగల రైతు మొదలు ఎల్లరకును ఈ విషయముతో పని కలదు.

ఇక శ్రీహరికోట. 2023 సెప్టెంబరు 2వ తేదీన పులికాటు సరస్సు ప్రక్కనున్న ఆ దీవినుండి భారతదేశపు ఆదిత్య నౌక బయలుదేరి, 2024 జనవరి 6వ తేదీన భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన నెలవు చేరెను. అందలి ప్రధానయంత్రము బెంగుళూరునందలి భారత ఖగోళభౌతిక సంస్థవారు నిర్మించిన కరోనాగ్రాఫు. అది లియో త్రోవననుసరించి సూర్యబింబమును గొట్టము లోపలనే తొలగించును. ముందుభాగమున కటకమునకు మారుగా మిక్కిలి నునుపుగా మెరుగుపెట్టిన అద్దమున్నది. రెండవ అద్దమున గల రంధ్రమునుండి బింబపు కాంతి జారి, మరియొక అద్దము చేత నౌక వెలుపలికి పంపబడును. దాని వెనుక లియో పలక యున్నది. అది పరిశీలించు గీతలలో లియో కొలిచిన ఆకుపచ్చని గీతయు నొకటి. మరి 2024 డిసెంబరు 5వ తేదీన ఐరోపావారి జంటనౌకలను మన రాకెట్టు శ్రీహరికోటనుండియే కొనిపోయెను. వానిలో ఒకటి 150 మీటర్ల దూరమున నిలిచి, తన 1.4 మీటర్ల బిళ్లతో రెండవదానికి కృత్రిమగ్రహణమును కల్పించును. గుంటూరున జాన్సెన్ గ్రహణమునకై సముద్రములు దాటి వచ్చెను. నేడు గ్రహణమునే ఓడకెక్కించి మన తీరమునుండి పంపుచున్నారు.

లియో విద్య సూర్యునితో ఆగలేదు. నక్షత్రమునొకదానిని ఇట్లే మరుగుపరచి, దాని చెంతనుండు గ్రహములను వెదకుచున్నారు. 1984లో బీటా పిక్టోరిస్ అను నక్షత్రము చుట్టునున్న ధూళిచక్రము ఈ విధముననే చిత్రమునకెక్కెను. 2021 డిసెంబరు 25వ తేదీన పంపబడిన జేమ్సు వెబ్ దూరదర్శినిలోను ఇట్టి పలకలున్నవి. మన భూమి వంటి గ్రహము సూర్యుని వంటి నక్షత్రము చెంత నున్నచో దాని వెలుగు ఆ నక్షత్రపు వెలుగులో వేయికోట్లవంతు మాత్రమే. దానిని చూడగోరువారికి యంత్రములోని పరాయివెలుగు ఎంతగా అణగవలెనో పాఠకులే ఊహింతురు గాక.

ఈ చరిత్రమును వ్రాయుచు మేమొక సంగతిని పలుమార్లు తలపోసితిమి. సమర్థులైన పండితులు ముప్పదియైదేండ్లు ఆకాశమును నిందించుచు ఊరకుండిరి. లియో తన కటకమును తుడిచి చూచెను. పని చెడినపుడు కాలమును, గాలిని, పొరుగువానిని తప్పుపట్టుట మనకందరకును సులభము. మన చేతనున్న పనిముట్టును మనమే విప్పి, అందలి ధూళిని వెదకుట కష్టము. అట్టి కష్టమునకు ఓర్చినవానికే సూర్యుడు తన కిరీటమును చూపెను. మన పిల్లలకు విజ్ఞానశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులు కరోనాగ్రాఫు బొమ్మతోపాటు ఆ నూనె పూసిన గొట్టపు కథను కూడ చెప్పుదురని ఆశించుచున్నాము.